సీతారత్నం గారి తేదీల డైరీ

మా లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, పంచాంగం తెరిచే ముందు పంతులుగారు మా అమ్మ దగ్గరికి వచ్చేవారు. మా అమ్మకు తిథులు తెలియవు, నక్షత్రాలు తెలియవు. ఏ క్వార్టర్లో ఏ ఆడమనిషి నెలలో ఏ రోజుల్లో బయట చేరుతుందో మాత్రం తెలుసు. పెళ్ళికూతురి తేదీ, పీటల మీద కూర్చోవలసిన తల్లి తేదీ తప్పించి ముహూర్తం పెట్టాలి కదా. అందుకని ఆయన గోడ అవతల నిలబడి, "సీతారత్నం గారూ, పద్నాలుగు నుంచి ఇరవై లోపల బాగుంది, మీరేమంటారు?" అని అడిగేవారు. అమ్మ లోపలికి వెళ్ళి డైరీ చూసుకుని వచ్చి, "పదిహేడు దాటాక పెట్టండి పంతులుగారూ" అనేది. ఆయన మారుమాట లేకుండా పదిహేడు దాటాకే పెట్టేవారు.

ఆ డైరీ ఏటేటా నాన్న యూనియన్ ఆఫీసు నుంచి తెచ్చేది. నాన్న పేరు బుల్లబ్బాయి, క్యారేజీ వర్క్‌షాపులో ఫిట్టరు. డైరీలో అమ్మ ఎవరి పేరూ రాసేది కాదు. క్వార్టరు నంబరు, పక్కన తేదీ, అంతే. 312/బి – 14. 308/ఎ – 27. పొరపాటున మగవాళ్ళ చేతిలో పడినా ఏమీ అర్థం కాకూడదని. నాన్న చేతిలో చాలాసార్లు పడింది. ఆయన అవి రైలు నంబర్లనుకున్నారు. రైల్వేవాడి భార్య అనిపించుకుందని లోలోపల మురిసిపోయేవారట కూడా.

నేను ఆ ఇంటి ఒక్కగానొక్క కూతుర్ని, సుధని. బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేరి నాలుగు డబ్బులు కళ్ళ చూశాక, ఆ డైరీని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. ఎవరి ఒంటి సంగతి వాళ్ళది, ఊరందరి లెక్కా నీకెందుకు, ఏ కాలంలో ఉన్నాం మనం అని దెబ్బలాడేదాన్ని. తగలబెట్టేస్తానని రెండుసార్లు బెదిరించాను. అమ్మ వినేదీ కాదు, ఎదురు తిరిగేదీ కాదు.

"నువ్వు ఆఫీసులో అందరి తప్పులూ రాసుకోట్లేదేటి. నేను డేట్లు రాసుకుంటన్నాను. నీకేటి నొప్పి?" అనేది.

అమ్మది బొబ్బిలి దగ్గర ఒక పల్లెటూరు. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి లాలాగూడ వచ్చింది. మనిషి చిన్నది, మాట చురుకు. ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి, గడియారం చూసుకున్నట్టు ఆమెకు వచ్చేది. అది ఆమెకు కొంచెం గర్వం కూడా. మిగతావాళ్ళవి అటూ ఇటూ అయితే, "ఒంట్లో రక్తం తక్కువుందేమో, ఆకుకూర తిను" అని సలహా చెప్పేది. తిరుపతి ప్రయాణాలకీ, పెళ్ళిళ్ళకీ అడ్డం వస్తుందనుకుంటే వాయిదా మాత్రలు ఎప్పటి నుంచి వేసుకోవాలో చెప్పేది. మందుల షాపు సాయిబాబు మా కాలనీ ఆడవాళ్ళెవరు వచ్చి గల్లా ముందు మొహమాటంగా నిలబడినా, అడక్కుండానే ఆ మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. "సీతారత్నం గారు చెప్పారా?" అనేవాడు. వాళ్ళు తలూపేవాళ్ళు.

నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు అమ్మకు ఆయాసం మొదలైంది. మొదట్లో చలికాలం మాత్రమే. తరవాత తాలింపు ఘాటుకు, దుప్పటి దులిపితే, పక్కింటివాళ్ళు సున్నం కొడితే. రెండేళ్ళు వరసగా మృగశిర నాడు చేప మందు మింగింది. కషాయాలు తాగింది. ఇంగ్లీషు మందుల డాక్టరు పంపు పీల్చుకోమంటే, అలవాటైతే మానలేమని ఎవరో చెప్పారని దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. రెండువేల నాలుగు, ఐదు వచ్చేసరికి పంపులు, మాత్రలు, ఆవిరి మిషను అన్నీ అయ్యాయి, ఆస్పత్రిలో నాలుగుసార్లు పడుకోవడమూ అయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఊపిరి కోసం నోరు తెరిచేది. అప్పుడు ఆమె ఛాతీలోంచి వచ్చే కూతను నేను ఇప్పటికీ మరిచిపోలేను. పక్క గదిలో ఉన్నా చెవి అటే ఉండేది.

రెండువేల ఐదు వానాకాలంలో ఛాతీ డాక్టరు ఆమెకు నెలకొక ఇంజెక్షను మొదలుపెట్టారు. తుంటి మీద వేసేది. మొదటి ఇంజెక్షను పడ్డ పదో రోజున అమ్మ నా ఆఫీసుకు ఫోను చేసింది. ఎప్పుడూ చెయ్యని మనిషి చేసిందని నాకు గుండె ఆగినంత పనైంది.

"సుధా, ఎక్కీసేనే" అంది.

"ఏం ఎక్కావమ్మా?"

"మెట్టుగూడ రైలు వంతెన. ఒక్కచోట కూడా ఆగలేదు. పైనుంచే చేస్తన్నాను."

ఆ రోజు నేను ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఆనందంతోనే.

ఇక్కడి నుంచి చెప్పేదంతా నాకు తరవాత తెలిసిన సంగతి. మొదటి ఇంజెక్షను తరవాత అమ్మకు నెలసరి రాలేదు. తరవాతి నెల కూడా రాలేదు. ఆ పై నెల వచ్చి పద్దెనిమిది రోజులు పోలేదు. నాలుగు రోజులు తెరిపి ఇచ్చి మళ్ళీ కనబడింది. నలభై అయిదేళ్ళ మనిషి, ఆగిపోయే వయసు వచ్చిందేమో అనుకుందామంటే ఇలా ఉంటుందని ఎవరి దగ్గరా వినలేదు. కాలనీలో ముప్ఫై మంది ఆడవాళ్ళు తమ సంగతి ఆమెకు చెప్పుకునేవాళ్ళు. ఆమె చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అందరి తేదీలూ చెప్పే సీతారత్నానికి తన తేదీ తెలియడం లేదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఛాతీ డాక్టరు నెలనెలా అడుగుతూనే ఉన్నారు, ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని. నేను పక్కనే కూర్చునేదాన్ని. "ఇంకేటీ లేదు బాబూ, ఊపిరి బాగుంది" అనేది. ఊపిరి డాక్టరుకు ఊపిరి సంగతి చెప్పాలి, ఈ సంగతి ఆయనకెందుకని ఆమె లెక్క. పైగా మగ డాక్టరు. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఆమెకు తోచలేదు. చాలాకాలం తోచలేదు. డైరీ మనిషి కాబట్టి, తరవాత తరవాత తోచింది.

ఈలోగా నా పెళ్ళి కుదిరింది. కల్యాణ్‌దీ నాదీ ఒకటే టీము. వాళ్ళిల్లు తిరుమలగిరిలో. రెండు వైపులా పెద్దవాళ్ళు ఒక వారం ముఖాలు ముడుచుకుని, తరవాత ఒప్పుకున్నారు. డిసెంబరులో పంతులుగారు ఈసారి గోడ దగ్గర కాకుండా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఇన్నేళ్ళకు మీ ఇంటి ముహూర్తం. అమ్మాయి తేదీ, మీ తేదీ చెప్పండి" అన్నారు.

అమ్మ డైరీ కోసం లోపలికి వెళ్ళింది. అయిదు నిమిషాలైనా రాలేదు. సంతోషంతో కళ్ళు తుడుచుకుంటోందేమో అనుకున్నాను. వచ్చి, "సుధది మూడో తారీకు. నాది..." అని ఆగి, "నాది నాలుగు. పది దాటాక పెట్టండి" అంది. ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు ఖాయమైంది. నాలుగో తారీకు అన్నది అమ్మ నోటికొచ్చి చెప్పింది. ఆమె జీవితంలో పంతులుగారికి ఒక తేదీ ఊహించి చెప్పడం అదే మొదలు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే బెంగ. పెళ్ళిరోజున వస్తే ఎలా. డైరీ చూసుకుంటే, ఇంజెక్షను పడ్డాకే తేదీలు చెదిరాయని కనబడింది. అంతే, జనవరి ఇంజెక్షను ఎగ్గొట్టింది. "పెళ్ళి పనులున్నాయి, వచ్చే వారం ఎల్దాం" అని నాతో అంది. ఆ వచ్చే వారం రానే లేదు. నాకు ఆఫీసులో రిలీజు గడువు ఉంది, అమ్మ చూస్తే బాగానే తిరుగుతోంది, నేను నమ్మాను. తప్పులు పట్టడం నా ఉద్యోగం. దానికి నాకు నెల నెలా జీతమిస్తున్నారు. నా తల్లి దగ్గర మాత్రం పట్టలేకపోయాను. ఇది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

ఇంజెక్షను ఎగ్గొట్టడంతో ఊరుకోలేదు. సంక్రాంతి వెళ్ళిన వారం మళ్ళీ కనబడేసరికి, సాయిబాబు షాపు నుంచి వాయిదా మాత్రలు తెచ్చుకుని వేసుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళి దాటేదాకా వేసుకుందామనుకుంది. మూడు నాలుగు రోజుల పనికి వాడే మాత్రలు మూడు వారాలు మింగింది. సాయిబాబు, "ఏ క్వార్టరుకండీ ఇన్ని?" అని అడిగితే, "ఇద్దరు ముగ్గురికి కలిపి" అందట.

పెళ్ళి ఇంకా నాలుగు రోజులుందనగా, బుధవారం ఉదయం, ఇంటి ముందు పందిట్లో పసుపు కొట్టారు. రోటికి పసుపు రాసి, రోకళ్ళకు తమలపాకులు కట్టి, అయిదుగురు ముత్తైదువలు వంతులవారీగా దంచుతున్నారు. మా పక్క క్వార్టరు దేవమ్మ పిన్ని అందరికంటే గట్టిగా వేస్తోంది. ఆమె భర్త రాములు, నాన్న ఒకే వర్క్‌షాపులో పని చేస్తారు. అమ్మా ఆమే ఇరవై రెండేళ్ళుగా గోడకు అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకుంటున్నారు. పసుపు పొడి లేచి ఎండలో తేలుతోంది. నాకు అది అందంగా కనబడింది. అమ్మకు దూరంగా ఉండమని చెప్పాలని తట్టలేదు.

అమ్మ పాట అందుకుంది. రెండో చరణంలో ఆగింది. పాట మరిచిపోయిందేమోనని ఎవరో నవ్వుతూ అందించారు. ఆమె చెయ్యి గాలిలో దేన్నో వెతికింది. పెదవులు నీలంగా అయ్యాయి. దేవమ్మ పిన్ని రోకలి పక్కన పడేసి, "సుధా, ఆటో పిలువు, జల్ది" అంటూ అమ్మను పసుపు చేతులతోనే చిన్నపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుంది. ఆస్పత్రికి వెళ్ళేదాకా ఆమె వీపు రాస్తూనే ఉంది. అమ్మ లేత రంగు చీర మీద పసుపు వేళ్ళ అచ్చులు పడ్డాయి. ఆటోలో నేను దేవుడికి మొక్కలేదు. అమ్మ ఛాతీ కూత వింటూ కూర్చున్నాను. కూత వినబడుతున్నంతసేపూ గాలి ఆడుతోందని అర్థం. మధ్యలో ఒకసారి అది కూడా ఆగింది. ఆ క్షణం నాకు పెళ్ళీ వద్దు, ఏమీ వద్దు అనిపించింది.

బతికింది. ఆక్సిజను పెట్టి, సెలైన్‌లో మందులు ఎక్కించి, మధ్యాహ్నానికి కాస్త మాట వచ్చేలా చేశారు. ఛాతీ డాక్టరు ఫైలు చూసి, "జనవరి ఇంజెక్షను ఎందుకు వేయించుకోలేదు?" అని అడిగారు. అమ్మ నా వంక చూడలేదు. నర్సు ఆమె సంచీలో టవలు కోసం వెతుకుతుంటే వాయిదా మాత్రల అట్టలు నాలుగు బయటపడ్డాయి. ఆయన వాటిని తిప్పి చూసి, ఇంకేమీ అడగకుండా లేడీ డాక్టరు ప్రేమమణి గారిని పిలిపించారు.

ఆమె స్టూలు లాక్కుని అమ్మ పక్కన కూర్చుంది. "చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా?" అంది.

ముప్ఫై క్వార్టర్ల తేదీలు కళ్ళు మూసుకుని చెప్పగల మా అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. "తెలీదమ్మా" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఎంత సిగ్గుపడిందో నేను చూశాను. దొంగతనం చేసి దొరికినా అంత సిగ్గుపడేది కాదు.

నేను ఆటో వేసుకుని ఇంటికి వెళ్ళి రెండేళ్ళ డైరీలూ తెచ్చాను. తగలబెడతానన్న డైరీలే. 310/బి మాది. జూను దాకా ఇరవై ఎనిమిదికి ఒకటి, వరసగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ తరవాత నెలకొక చోట చిన్న ఇంటూ గుర్తు ఉంది. అవి ఇంజెక్షను వేయించుకున్న రోజులు. వాటి వెనక తేదీలు కొట్టివేతలతో, ప్రశ్నార్థకాలతో చెల్లాచెదురుగా ఉన్నాయి. ప్రేమమణి గారు పెన్ను మూతతో ఒక్కొక్క గుర్తూ చూపిస్తూ ఛాతీ డాక్టరుకు వివరించింది. ఆయన తల పట్టుకున్నారు.

"ఈ ఇంజెక్షనుతో కొందరు ఆడవాళ్ళకు ఇలా నెలసరి తప్పుతుంది. వయసు కూడా కారణం కావచ్చు. అందుకే స్కాన్ తీద్దాం" అంది ఆమె అమ్మతో. "మొదటి నెలే ఒక్క మాట చెప్పి ఉంటే మందు మార్చి చూసేవాళ్ళం. మీరేమో చెప్పకుండా దాన్ని ఆపారు, దీన్ని మింగారు."

"ఊపిరికీ దీనికీ ఏటి సంబంధం అనుకున్నానమ్మా."

"ఒళ్ళు ఒకటే కదమ్మా. మాకే గదులు వేరు."

స్కాన్‌లో భయపడవలసింది ఏమీ లేదు. వాయిదా మాత్రలు మాత్రం వెంటనే ఆపెయ్యమంది. ఆపితే రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుందని, వస్తే రానివ్వమని చెప్పింది. అమ్మ దుప్పటి కింద వేళ్ళు మడుస్తోంది. గురువారం, శుక్రవారం, శనివారం.

"ఆదివారం దీని పెళ్ళి డాక్టరమ్మా" అంది.

ప్రేమమణి గారికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చుని వెళ్ళింది.

అందరూ వెళ్ళాక నాకు కోపం ఆగలేదు. "నువ్వు పీటల మీద కూర్చోకపోతే ఆకాశం ఊడిపడుతుందా? బాబాయి, పిన్ని ఉన్నారు, వాళ్ళు చేస్తారు కన్యాదానం. అయినా ఈ సంగతి ఎవరికైనా ఎందుకు చెప్పాలట? నాకు నువ్వు కావాలి. నువ్వు పోయాక పెళ్ళికొడుకు కాళ్ళకు ఎవరు నీళ్ళు పోస్తే ఏమిటి?" అన్నాను. చాలా అన్నాను. అన్నీ ఇక్కడ రాయలేను.

అమ్మ చివరిదాకా విని, ఊపిరి కూడదీసుకుని, కొంచెం కొంచెంగా చెప్పింది.

"నా పెళ్ళిలో మా అమ్మ పశువుల సాలలో కూకుంది. తెల్లారి పెళ్ళనగా వచ్చీసింది. అల్లుడి కాళ్ళకి నీళ్ళు మా పిన్ని పోసింది. నేను పీటల మీంచి అటే చూస్తన్నాను. సాల కనబడదు, అరటి గెల అడ్డం. అప్పగింతలప్పుడు అందరూ నన్ను పట్టుకుని ఏడుస్తన్నారు. మా అమ్మ అంత దూరాన నిలబడి చెయ్యూపింది. ముట్టుకోలేదు. మళ్ళా నాలుగు నెలలకి గాని నేను మా అమ్మని ముట్టుకోలేదే."

ఇరవై నాలుగేళ్ళు ఆ తల్లికి కూతురిగా ఉండి ఈ మాట నాకు తెలియదు.

"డైరీ అందుకేనా?" అన్నాను.

"మరెందుకనుకున్నావు? ఈ కాలనీలో ఏ గుంట పెళ్ళిలోనూ తల్లి బయట కూకోలేదు. ఒక్కత్తి కూడా."

నాన్న ఫ్లాస్కులో టీ పట్టుకుని ఎప్పుడు వచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. డైరీలు మంచం మీద తెరిచి ఉన్నాయి. అన్నీ విన్నారని ఆయన మొహం చూస్తే తెలిసింది. "ఇన్నేళ్ళూ రైళ్ళ నంబర్లనుకున్నాను" అన్నారు. తరవాత మంచం చివర కూర్చుని అమ్మ పాదాలు దుప్పటి మీంచే నెమ్మదిగా పిసకసాగారు. అమ్మ వద్దనలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంటికి పంపారు. కొత్త పంపులు రెండు, తగ్గించుకుంటూ వేసుకోవలసిన మాత్రలు, పొగ దగ్గరికీ పసుపు దగ్గరికీ వెళ్ళకూడదని హెచ్చరిక. శనివారం బొబ్బిలి నుంచి మా మేనత్త గంగాదేవి దిగింది. నాన్నకు అక్క. ఆచారం విషయంలో ఆవిడ ముందు ఎవరి ఆటలూ సాగవు. అమ్మ ఆవిడకు ఆయాసం సంగతి చెప్పింది. మిగతాది చెప్పలేదు.

ఆదివారం ఉదయం మెట్టుగూడ ఫంక్షను హాల్లో నాకు జడ వేస్తున్నారు. అమ్మ బాత్రూములోంచి వచ్చింది. మొహం చూడగానే నాకు అర్థమైంది. జడ వేసే అమ్మాయిని పూలు తెమ్మని బయటికి పంపాను. గదిలో నేను, అమ్మ, దేవమ్మ పిన్ని మిగిలాం.

"దేవమ్మా, వచ్చీసింది" అంది అమ్మ. ఏడవలేదు. అప్పటికే అన్నీ ఆలోచించుకున్నట్టుంది. "మా మరిదినీ తోటికోడల్నీ కూకోమని చెప్పు. నేనీ గదిలోనే ఉంటాను. ఈ కిటికీలోంచి మండపం కనబడతంది, చూసీసేను."

కిటికీ సంగతి ముందే చూసుకుందన్నమాట.

దేవమ్మ పిన్ని తలుపు గడియ పెట్టింది. "అక్కా, మా కల్పలత లగ్గం యాదికున్నదా?" అంది.

అమ్మ తల పైకెత్తింది.

"గా పొద్దుగాల నాకు అయింది. పరేషాన్ అయి నీ తాన ఏడ్సిన. మా అత్త వచ్చి నిన్ను అడిగింది, దేవమ్మది ఎట్లున్నది అని. నువ్వు గా బుక్కు తెరిచి సూసి, సోమారమే అయిపోయింది అన్నవ్. నాకు తెల్సు, నీకు తెల్సు. నేను కూసుని అల్లుని కాళ్ళకు నీళ్ళు పోసిన."

"అది నీ సంగతి. నీ ఏడుపు చూడలేక..."

"నా బిడ్డకు ఏమన్న అయిందా? ఇద్దరు పిల్లలు, సల్లగున్నది. నీకు సుత గంతే."

"ఇంకెంతమందికి చెప్పావమ్మా అలాగ?" అన్నాను నేను, ఉండబట్టలేక.

అమ్మ నేల చూపులు చూస్తూ, "అయిదారుగురికి" అంది. "ముహూర్తం పెట్టాక మారిపోతే ఏటి చేస్తాను. కాని పరాయి పిల్లల విషయం వేరు సుధా. నీకేటైనా అయితే నేను బతకలేను."

అప్పుడే తలుపు చప్పుడైంది. గంగాదేవి అత్త. దేవమ్మ పిన్ని గడియ తీసింది. అత్త పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ లోపలికి వచ్చి, "సీతా, బేగి రా, పంతులు పిలుస్తన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చినదానివి, అడగాలి కాబట్టి అడుగుతన్నాను. డేటు ఏటీ అడ్డం లేదు కదా?" అంది.

అమ్మ నోరు తెరిచింది. నిజం చెప్పేస్తుందని నాకు తెలుసు. నాకైతే అత్త మొహాన నేనే చెప్పెయ్యాలని ఉంది. వచ్చింది, వస్తే ఏమిటి, మా అమ్మ కూర్చుంటుంది అని. ఎన్నేళ్ళుగానో ఆ మాట నా నాలుక చివర ఉంది. కాని ఆ గదిలో అది నా పంతం అవుతుంది, అమ్మ పెళ్ళిపీట పోతుంది. నోరు మూసుకున్నాను. ఈ లోపల దేవమ్మ పిన్నే అంది.

"సోమారమే అయిపోయిందమ్మా. డైరీల రాసి ఉన్నది."

గంగాదేవి అత్త దేవమ్మ పిన్ని వంక చూసింది. నా వంక చూసింది. అమ్మను చాలాసేపు చూసింది. అత్తకు డెబ్బై ఏళ్ళు దాటాయి, ఆరుగురు ఆడపిల్లల ఇంట్లో పెరిగిన మనిషి. ఆవిడకు తెలియనిది ఏముంటుంది.

"సోమవారమా" అంది నెమ్మదిగా. మంచం అంచున కూర్చుంది. "నీ పెళ్ళిలో మీ అమ్మకి సాలలోకి అన్నం కంచం పట్టుకెళ్ళింది నేనే సీతా. పట్టుకెళ్ళి దూరంగా పెట్టీసి వచ్చీసేను. తినలేదు ఆవిడ. ఆ రోజు ఎవరో ఒకరు సోమవారమని చెప్పుంటే బాగుణ్ణు."

అమ్మ అప్పుడు ఏడ్చింది. అత్త లేచి, పమిట చెంగుతో ఆమె మొహం తుడిచింది. చేతులతో ముట్టుకునే తుడిచింది. "ఏడిస్తే ఆయాసం వస్తంది. ఆ పంపు ఏదీ, బొడ్లో దోపుకో. పద" అంది.

మండపం మీద నాన్న కల్యాణ్ కాళ్ళు కడుగుతుంటే అమ్మ కలశంతో నీళ్ళు పోసింది. మందుల వల్ల ఆమె చెయ్యి వణుకుతోంది. నీళ్ళు సగం కల్యాణ్ పాదాల మీద, సగం నాన్న పంచె మీద పడ్డాయి. నాన్న ఒక చేత్తో ఆమె మణికట్టు కింద ఆనించి పట్టుకున్నారు. పంతులుగారు మంత్రం ఆపి వాళ్ళకు టైమిచ్చారు. నేను తెర వెనక కూర్చుని మంత్రాలు వినలేదు. అమ్మ ఊపిరి విన్నాను. కూత లేదు.

ఆ తరవాత ఆ ఇంజెక్షను మాన్పించి, మందులు మార్చారు. అమ్మ రోజూ రెండు పూటలా పంపు పీలుస్తుంది, బియ్యం డబ్బాలో దాచడం లేదు. తేదీలు ఆరేడు నెలలకు ఒక దారికి వచ్చాయి. మరో రెండేళ్ళకు వాటంతట అవే ఆగిపోయాయి. కాలనీలో ఎవరు ఏ మందు మొదలుపెట్టినా అమ్మ చెప్పే సలహా ఒకటే. "ఏ డాక్టరైనా సరే, ఊపిరి డాక్టరైనా, పళ్ళ డాక్టరైనా, డేటు సంగతి చెప్పు. సిగ్గుపడకు. నేను పడి చూసేను."

నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు డైరీలన్నీ నేను అడిగి తీసుకున్నాను. ఇరవై పైచిలుకు ఉన్నాయి. రెండువేల ఆరుది తీసి ఫిబ్రవరి చూశాను. సోమవారం గడిలో ఏమీ లేదు. పంతులుగారితో, లోకంతో ఏం చెప్పినా, డైరీలో మాత్రం ఆమె అబద్ధం రాయలేదు. ఆ డైరీలన్నిట్లో అంకెలు కాక మాటలంటూ ఉన్నది ఆ ఒక్క ఆదివారం గడిలోనే.

310/బి – 12. నీళ్ళు పోసేను.